తక్కువ మెమరీ కంప్యూటర్లలో లినక్స్ వేగం

లినక్స్ నడిచే కంప్యూటర్‌లో ర్యామ్ చాలనప్పుడు కలిగే జాప్యాన్ని తగ్గించడానికి వాడే పద్ధతులన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. వాటిలో కొన్ని కెర్నెల్‌లోనే ఉంటాయి. కొన్ని డిస్ట్రిబ్యూషన్‌నూ డెస్క్‌టాప్‌నూ ఎంచుకునే దగ్గర ఉంటాయి. మరికొన్ని రోజువారీ వాడకానికి సంబంధించినవి. ప్రాసెసర్ నెమ్మదిగా ఉండటం వేరు, మెమరీ చాలకపోవడం వేరు. ప్రాసెసర్ నెమ్మదిదైతే ప్రతి పనీ కాస్త ఆలస్యమవుతుంది. మెమరీ చాలకపోతే ఒక హద్దు వరకు అంతా సవ్యంగానే సాగి, ఆ హద్దు దాటగానే మౌస్ గుర్తు కూడా కదలకుండా యంత్రం మొరాయిస్తుంది. ఈ వ్యాసం ఈ రెండో పరిస్థితికి సంబంధించినది.

ఎంత ఉంటే తక్కువ అన్నది కాలాన్ని బట్టి మారే మాట. 1991లో 4 మెగాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రంపై లినక్స్ పుట్టింది. ఉబుంటు డెస్క్‌టాప్‌కు 18.04 విడుదల నుంచి 4 గిగాబైట్లు ఉండాలని సిఫారసు చేశారు. ఆ లెక్కన నేడు 4 గిగాబైట్ల లోపు, ముఖ్యంగా 1, 2 గిగాబైట్ల కంప్యూటర్లను తక్కువ మెమరీ యంత్రాలుగా పరిగణించవచ్చు.

జాప్యానికి మూలం

కెర్నెల్ మెమరీని పేజీలుగా విభజించి ప్రోగ్రాములకు పంచుతుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లపై మామూలుగా ఒక్కో పేజీ 4 కిలోబైట్లు. ఈ పేజీలు ప్రధానంగా రెండు రకాలు. డిస్కుపై ఉన్న ఫైళ్లకు నకళ్లుగా ఉండేవి ఫైలు పేజీలు. ప్రోగ్రాముల కోడ్, లైబ్రరీలు, ఇటీవల చదివిన ఫైళ్లు ఈ రకానివి. నడుస్తున్న ప్రోగ్రామ్ తన పనికోసం పుట్టించుకున్న డేటా ఉండేవి అనామక పేజీలు. బ్రౌజర్ ట్యాబ్‌లో తెరుచుకున్న వెబ్‌సైటు తాలూకు సరంజామాలో ఎక్కువ భాగం ఈ రకమే. చోటు కావలసి వస్తే, మార్పులు చేయని ఫైలు పేజీని కెర్నెల్ నిశ్చింతగా వదిలేయవచ్చు. మళ్లీ అవసరమైతే ఫైలు నుంచి చదువుకుంటుంది. అనామక పేజీకి డిస్కుపై నకలు లేదు కనుక, దాన్ని తొలగించే ముందు ఎక్కడైనా దాచాలి. అలా దాచే చోటే స్వాప్.

ఖాళీ మెమరీ ఒక మట్టం కంటే తగ్గినప్పుడు కేస్వాప్‌డీ అనే కెర్నెల్ త్రెడ్ మేలుకుని, వాడకంలో లేని పేజీలను వెనక్కి తీసుకోవడం మొదలుపెడుతుంది. దాని వేగం చాలక ఖాళీ ఇంకా కిందికి జారితే, మెమరీ అడిగిన ప్రోగ్రామే తన పని ఆపి పేజీలను ఖాళీ చేయించాల్సి వస్తుంది. దీన్ని డైరెక్ట్ రీక్లెయిమ్ అంటారు. క్లిక్ చేసిన విండో స్పందించకుండా ఉండిపోవడం వాడుకరికి మొదట కనిపించేది తరచూ ఇక్కడే.

దీనికన్నా గడ్డు స్థితి థ్రాషింగ్. ఏ ప్రోగ్రామ్‌కైనా ఒక సమయంలో నిజంగా చేతికింద ఉండాల్సిన పేజీల సమూహాన్ని దాని వర్కింగ్ సెట్ అంటారు. నడుస్తున్న ప్రోగ్రాముల వర్కింగ్ సెట్లన్నీ కలిపి ర్యామ్‌లో పట్టినంత వరకు ఇబ్బంది లేదు. పట్టకపోతే, ఇప్పుడే బయటికి పంపిన పేజీ మరుక్షణం మళ్లీ కావాలి. దాన్ని తేవడానికి మరో పేజీని పంపాలి. అదీ వెంటనే కావలసి వస్తుంది. ర్యామ్ నుంచి డేటా అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్కులో ఒక మూలనున్న పేజీని వెతికి తేవడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఇది లక్ష రెట్ల తేడా. ఎస్‌ఎస్‌డీ అయితే ఈ తేడా వెయ్యి రెట్ల స్థాయికి తగ్గుతుంది. అందుకే పాత యంత్రానికి ర్యామ్ పెంచే వీలు లేనప్పుడు హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినా వేగం స్పష్టంగా మెరుగుపడుతుంది.

చరిత్ర

ఉన్న మెమరీ కంటే పెద్ద ప్రోగ్రాములను నడిపే ఆలోచన లినక్స్ కంటే చాలా పాతది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లో పేజీల పద్ధతి అమల్లో ఉంది. వర్కింగ్ సెట్ సిద్ధాంతాన్ని, థ్రాషింగ్‌కు కారణాలను పీటర్ డెనింగ్ 1968లో ప్రచురించిన వ్యాసాల్లో వివరించాడు. నేటి లినక్స్ యంత్రం స్తంభించినప్పుడు జరిగేది ఆ వ్యాసాల్లో చెప్పినదే.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన తొలి కెర్నెల్‌కు పేజీలను డిస్కుకు పంపే శక్తి లేదు. 2 మెగాబైట్ల ర్యామ్ మాత్రమే ఉన్న ఒక వాడుకరికి కెర్నెల్‌ను కంపైల్ చేసుకోవడం సాధ్యం కాకపోవడంతో, ఆ ఏడాది క్రిస్మస్ సెలవుల్లో టోర్వాల్డ్స్ ఆ సదుపాయం చేర్చాడు. అంటే లినక్స్‌లోకి స్వాప్ వచ్చిందే ఒక పేద యంత్రం కోసం.

2008 చివర్లో వచ్చిన 2.6.28 వెర్షన్ ఫైలు పేజీలకూ అనామక పేజీలకూ వేర్వేరు జాబితాలు పెట్టింది. ర్యామ్‌లోనే పేజీలను కుదించి దాచే ప్రయత్నాన్ని నితిన్ గుప్తా కాంప్‌క్యాష్ పేరుతో మొదలుపెట్టాడు. అదే తర్వాత జడ్‌ర్యామ్‌గా మారి, ప్రయోగ దశ దాటి 2014లో 3.14 వెర్షన్‌లో స్థిరపడింది. దానికి ముందే, 2013లో, డిస్కుపై ఉన్న స్వాప్‌కు ముందు కుదించిన క్యాష్‌గా నిలిచే జడ్‌స్వాప్ 3.11 వెర్షన్‌లో చేరింది. క్రోమ్‌బుక్‌లు, ఆండ్రాయిడ్ ఫోన్లు జడ్‌ర్యామ్‌ను విస్తృతంగా వాడాయి. 512 మెగాబైట్ల ఫోన్లలో కూడా నడవాలన్న లక్ష్యంతో 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 ఇందుకు మంచి ఉదాహరణ. డెస్క్‌టాప్ లినక్స్‌కు ఈ విద్య ఆలస్యంగా అందింది. ఫెడోరా 2020 అక్టోబరులో వచ్చిన 33వ విడుదల నుంచి జడ్‌ర్యామ్‌ను సహజ అమరికగా చేసింది.

2022 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్‌లో మల్టీ జెన్ ఎల్‌ఆర్‌యూ చేరింది. ఏ పేజీ ఎంతకాలంగా వాడకంలో లేదో ఇది తరాల వారీగా గుర్తుంచుకుంటుంది. తప్పు పేజీని బయటికి పంపే సందర్భాలు దానివల్ల తగ్గుతాయి. దీన్ని రూపొందించిన గూగుల్ తన యంత్రాలపై చేసిన కొలతల్లో కేస్వాప్‌డీ వాడే ప్రాసెసర్ సమయం 40 శాతం తగ్గిందని తెలిపింది. అన్ని డిస్ట్రిబ్యూషన్లూ దీన్ని మొదటి నుంచీ ఆన్ చేసి ఇవ్వవు కనుక, పాత యంత్రంలో ఇది పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోవడం అవసరం.

కొలత

ఏ మార్పు చేయడానికైనా ముందు మెమరీ ఎటు పోతోందో తెలియాలి. ఫ్రీ అనే ఆదేశం మొత్తం, వాడినది, ఖాళీ, అందుబాటులో ఉన్నది వేర్వేరు వరుసల్లో చూపుతుంది. కొత్తవారు చాలామంది ఖాళీ వరుసలో చిన్న అంకె చూసి కంగారుపడతారు. నిజానికి చూడవలసింది అందుబాటు వరుస. అవసరమైతే వెంటనే వదిలించుకోగల ఫైలు క్యాష్‌ను కూడా లెక్కలోకి తీసుకుని ఈ అంచనాను కెర్నెలే ఇస్తుంది. 3.14 వెర్షన్‌కు ముందు ఆ అంచనా లేదు.

టాప్, హెచ్‌టాప్ ఏ ప్రోగ్రామ్ ఎంత తింటోందో చూపుతాయి. వాటిలో కనిపించే వర్చువల్ మెమరీ అంకె పెద్దదిగా ఉన్నంత మాత్రాన చింత అక్కర్లేదు, అసలు ర్యామ్‌లో కూర్చున్న పరిమాణమే లెక్క. అందులోనూ పలు ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీలు ఒక్కోదాని ఖాతాలో మళ్లీ మళ్లీ లెక్కకు వస్తాయి. వీఎమ్‌స్టాట్ ఆదేశం చూపే స్వాప్ రాకపోకల వరుసలు రోగ నిర్ధారణకు మరింత పనికొస్తాయి. స్వాప్‌లో ఎంతో డేటా కదలకుండా ఉండటం మామూలే. లోపలికీ బయటికీ ఆగకుండా రాకపోకలు సాగుతుంటే అది థ్రాషింగ్. ఫేస్‌బుక్ ఇంజినీర్లు తయారుచేయగా 2018లో 4.20 వెర్షన్‌లో చేరిన పీఎస్‌ఐ ఇంకో అడుగు ముందుకు వేసి, మెమరీ కోసం ఎదురుచూపుల్లో ఎంత శాతం కాలం వృథా అయిందో నేరుగా చెబుతుంది.

భారం తగ్గించడం

వర్కింగ్ సెట్‌ను చిన్నది చేయడమే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మార్గం. కెర్నెల్ అమరికల గురించి ఎంత రాసినా, వాటి ప్రభావం దీని తర్వాతే.

డెస్క్‌టాప్. గ్నోమ్ వంటి సంపూర్ణ డెస్క్‌టాప్ ఏ ప్రోగ్రామూ తెరవకముందే సుమారు 1 గిగాబైట్ వరకు తీసుకోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అందులో సగం దరిదాపుల్లో సర్దుకుంటాయి. డెస్క్‌టాప్ అనేదే లేకుండా ఓపెన్‌బాక్స్, ఐస్‌డబ్ల్యూఎమ్, జేడబ్ల్యూఎమ్ వంటి విండో మేనేజర్ ఒక్కటే పెట్టుకుంటే ఇంకా బాగా తగ్గుతుంది. విడుదలను బట్టి ఈ అంకెలు మారినా, వాటి వరుస మాత్రం మారదు. ఎక్స్‌ఎఫ్‌సీఈని ఒలివియే ఫోర్డాన్ 1996లో మొదలుపెట్టాడు. 2006లో వచ్చిన ఎల్‌ఎక్స్‌డీఈ తర్వాత రేజర్ క్యూటీతో కలిసి ఎల్‌ఎక్స్‌క్యూటీ అయింది. లుబుంటు 18.10 నుంచి దాన్నే వాడుతోంది.

విండోలు, బటన్లు గీసే లైబ్రరీల కుటుంబాన్ని టూల్‌కిట్ అంటారు. ప్రోగ్రాములన్నీ ఒకే టూల్‌కిట్‌పై ఉండటం కూడా ముఖ్యమే. జీటీకే డెస్క్‌టాప్‌లో క్యూటీ ప్రోగ్రామ్ ఒక్కటి తెరిచినా, ఆ కుటుంబపు లైబ్రరీలన్నీ అదనంగా మెమరీలోకి వస్తాయి. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ రూపంలో వచ్చే ప్రోగ్రాములు తమ లైబ్రరీలను తామే తెచ్చుకుంటాయి కాబట్టి సిస్టమ్‌లో అప్పటికే ఉన్నవాటిని పంచుకోవు. ఎలక్ట్రాన్‌పై కట్టిన ప్రోగ్రామ్ ప్రతిదీ తనతోపాటు ఒక క్రోమియం బ్రౌజర్‌ను మోసుకొస్తుంది. 2 గిగాబైట్ల యంత్రంలో అలాంటివి రెండు తెరిస్తే మిగతా వాటికి చోటుండదు.

డిస్ట్రిబ్యూషన్. పాత యంత్రాల కోసమే రూపొందినవాటిలో ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో విడుదల చేసిన పప్పీ లినక్స్ ప్రసిద్ధం. సిస్టమ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించుకుని నడపడం దాని ప్రత్యేకత. డిస్కు నెమ్మదిగా ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది. ర్యామ్ మరీ తక్కువైతే మాత్రం ఆ ఎక్కించుకోవడమే భారమవుతుంది. టైనీ కోర్ కనీసం 46 మెగాబైట్లతోనే నడుస్తుంది, కావలసిన ప్రోగ్రాములను వాడుకరే ఒక్కొక్కటిగా చేర్చుకోవాలి. డామ్ స్మాల్ లినక్స్ ఒకప్పుడు మొత్తం 50 మెగాబైట్లలో ఇమిడేది. 2024లో యాంటీఎక్స్ ఆధారంగా తిరిగొచ్చినప్పుడు దాని హద్దు ఒక సీడీ, అంటే 700 మెగాబైట్లు. కాలంతోపాటు బ్రౌజర్ ఎంత బరువెక్కిందో ఈ ఒక్క పోలిక చెబుతుంది. సేవలను నిర్వహించే సిస్టమ్‌డీ లేకుండా డెబియన్‌పై నిర్మించిన యాంటీఎక్స్, అవసరమైనవి మాత్రమే ఎంచుకుని స్థాపించిన డెబియన్, ఈ రెండూ సాధారణ వాడుకరికి ఎక్కువకాలం పనికొచ్చే ఎంపికలు.

సేవలు. వెనుక నడిచే సేవల్లో ప్రింటర్, బ్లూటూత్, ఫైళ్ల సూచిక తయారుచేసేవి, అప్‌డేట్లు వెతికేవి అవసరం లేకపోతే ఆపేయవచ్చు. ఒక్కో సేవ ఆపితే మిగిలేది కొన్ని మెగాబైట్ల నుంచి కొన్ని పదుల మెగాబైట్లు. సూచిక తయారీ వంటివి మెమరీతోపాటు డిస్కునూ ఆక్రమిస్తాయి కనుక వాటిని ఆపడం మెమరీ లెక్కలో కనిపించేదానికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

బ్రౌజర్. నేటి కంప్యూటర్‌లో మెమరీని ఎక్కువగా వాడేది ఇదే. భద్రత కోసం ఒక్కో సైటును వేర్వేరు ప్రాసెస్‌లో నడిపే పద్ధతి క్రోమ్‌లో 2018 నుంచి డెస్క్‌టాప్‌పై సహజ అమరిక. అది అవసరమైన రక్షణే, దాని ఖరీదు మెమరీ. ఆ రక్షణను తీసేసి మెమరీ మిగుల్చుకోవాలనుకోవడం మంచి బేరం కాదు. ప్రకటనలనూ ట్రాకర్లనూ అడ్డుకునే పొడిగింపు ఒకటి పెట్టుకోవడం, వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చడం, మిగతా పొడిగింపులను తీసేయడం ఇక్కడ పనికొచ్చే చర్యలు.

మెమరీ కుదింపు

జడ్‌ర్యామ్ ర్యామ్‌లోనే ఒక కల్పిత డిస్కును సృష్టిస్తుంది. దాన్ని స్వాప్‌గా వాడితే, బయటికి వెళ్లాల్సిన పేజీలు డిస్కుకు వెళ్లకుండా కుదించిన రూపంలో ర్యామ్‌లోనే ఉండిపోతాయి. వాటిని తిరిగి విప్పడానికి మైక్రోసెకన్లు చాలు. 2 గిగాబైట్ల యంత్రంలో చాలాసేపుగా కదలని పేజీలు 1.5 గిగాబైట్లు ఉన్నాయనుకుంటే, మూడో వంతుకు కుదించినప్పుడు అవి అర గిగాబైట్‌లో పడతాయి. చురుకుగా వాడే పేజీలకు ఇంకా 1.5 గిగాబైట్లు మిగులుతుంది. అంటే 2 గిగాబైట్ల ర్యామ్‌లో 3 గిగాబైట్ల డేటా ఇమిడింది. అప్పటికే కుదించి ఉన్న ఫొటోలు, వీడియోలకు ఈ లాభం ఉండదు.

కుదింపు పద్ధతుల్లో ఎల్‌జడ్‌4 వేగమైనది. జడ్‌స్టాండర్డ్ కాస్త నెమ్మదైనా ఎక్కువ కుదిస్తుంది. ప్రాసెసర్ కూడా బాగా పాతదైతే మొదటిది మేలు. ఫెడోరా మొదట ర్యామ్‌లో సగం మేరకు జడ్‌ర్యామ్ ఇచ్చి, 34వ విడుదల నుంచి మొత్తం ర్యామ్‌కు సమానంగా, 8 గిగాబైట్లకు మించకుండా పెంచింది. ఆ పరిమాణం ముందే ఖర్చైపోదు. అది పై హద్దు మాత్రమే, పేజీలు చేరినకొద్దీ మెమరీ ఖర్చవుతుంది.

జడ్‌స్వాప్ పని వేరు. అది డిస్కుపై ఉన్న స్వాప్‌కు ముందు నిలబడే కుదించిన క్యాష్. నిండినప్పుడు పాత పేజీలను నిజమైన స్వాప్‌కు పంపుతుంది. మామూలుగా ర్యామ్‌లో 20 శాతానికి మించదు. హైబర్నేషన్ కావలసినవారికి, డిస్కుపై స్వాప్ ఉన్నవారికి ఇది తగినది. జడ్‌ర్యామ్‌లో హైబర్నేషన్ డేటా నిలవదు, కరెంటు పోగానే ర్యామ్‌తోపాటు అదీ పోతుంది. రెండింటినీ ఒకేసారి నడపడం వల్ల ఒరిగేది లేదు. ఒకే పేజీ రెండు అంచెల గుండా పోవడం తప్ప వేరే లాభం ఉండదు.

కెర్నెల్ అమరికలు

స్వాపినెస్ అనే అంకె ఫైలు పేజీలను వదలడమా, అనామక పేజీలను స్వాప్‌కు పంపడమా అన్న తూకాన్ని నిర్ణయిస్తుంది. మొదటి నుంచి ఉండే విలువ 60. దీన్ని 10కి తగ్గిస్తే వేగం పెరుగుతుందన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. హార్డ్ డిస్కుపై స్వాప్ ఉన్నప్పుడు అందులో కొంత నిజం ఉంది. జడ్‌ర్యామ్ ఉన్నప్పుడు మాత్రం అది తలకిందుల సలహా. అక్కడ స్వాప్ నుంచి చదవడం డిస్కుపై ఫైలు చదవడం కంటే ఎన్నో రెట్లు వేగం కనుక 100 పైన పెట్టడమే సరైనది. అందుకు వీలుగానే 2020లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి గరిష్ఠ విలువను 100 నుంచి 200కు పెంచారు.

పేజ్ క్లస్టర్ విలువ మామూలుగా 3. స్వాప్ నుంచి ఒక్క పేజీ అడిగితే 8 పేజీలు చదవమని దాని అర్థం. తిరిగే డిస్కుకు ఇది లాభం. జడ్‌ర్యామ్‌కు అనవసర శ్రమ, అందుకే 0 పెడతారు. హార్డ్ డిస్కు యంత్రాల్లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ షెడ్యూలర్‌గా బీఎఫ్‌క్యూ ఎంచుకుంటే, వెనుక పెద్ద ఫైలు కాపీ అవుతున్నా తెరపై పని అంతగా ఆగదు.

మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు

ప్రోగ్రాములు అడిగిన మెమరీనంతా నిజంగా వాడవన్న నమ్మకంతో కెర్నెల్ ఉన్నదానికంటే ఎక్కువ మాట ఇస్తుంది. మాట నిలబెట్టుకోలేని స్థితి వస్తే ఓఓఎమ్ కిల్లర్ ఒక ప్రోగ్రామ్‌ను ఎంచుకుని చంపుతుంది. చిక్కల్లా అది చాలా ఆలస్యంగా రంగంలోకి రావడమే. స్వాప్ లేని 4 గిగాబైట్ల కంప్యూటర్‌లో ట్యాబ్‌లు తెరుస్తూ పోతే నిమిషాల తరబడి అంతా స్తంభిస్తుందన్న విషయంపై 2019 ఆగస్టులో కెర్నెల్ డెవలపర్ల మధ్య పెద్ద చర్చే జరిగింది. స్వాప్ లేకపోతే అనామక పేజీలు కదలవు. అప్పుడు కెర్నెల్ ప్రోగ్రాముల కోడ్ పేజీలనే వదిలి మళ్లీ మళ్లీ డిస్కు నుంచి చదువుతుంది. దాని లెక్కలో పని ఇంకా కొంచెం ముందుకు సాగుతున్నట్టే ఉంటుంది.

ఎర్లీఊమ్ అనే ప్రోగ్రామ్ ఈ లోటును తీరుస్తుంది. అందుబాటు మెమరీ, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతం లోపుకు పడిపోగానే అతి పెద్ద ప్రోగ్రామ్‌ను ముగియమని కోరుతుంది. 2020లో వచ్చిన సిస్టమ్‌డీ ఊమ్‌డీ పీఎస్‌ఐ ఆధారంగా అదే పని చేస్తుంది. చేస్తున్న పని పోవచ్చు కనుక ఇది బాధాకరమైన మందే. అయినా పవర్ బటన్ నొక్కి ఆర్పేసి అన్నిటినీ పోగొట్టుకోవడం కంటే ఒక ట్యాబ్ పోవడం నయం.

అపోహలు

క్యాష్‌ను తరచూ ఖాళీ చేసే ఆదేశం వేగం పెంచదు. వెంటనే కావలసిన ఫైళ్లను మళ్లీ డిస్కు నుంచి చదివించి తగ్గిస్తుంది. స్వాప్ పూర్తిగా తీసేయడం స్తంభనను ఆపదని పైన చూశాం. తరచూ వాడే ప్రోగ్రాములను ముందే మెమరీలోకి తెచ్చే ప్రీలోడ్ మెమరీ పుష్కలంగా ఉన్నచోట పనికొస్తుంది, కొరత ఉన్నచోట కాదు. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీని ర్యామ్‌లో పెట్టడమూ అంతే. డెబియన్ 13 దాన్ని సహజ అమరికగా చేసింది కనుక, చిన్న యంత్రాల్లో దాన్ని తిరిగి డిస్కుపైకి మార్చుకోవడం ఆలోచించదగ్గది.

తెలుగులో వాడకం

టైనీ కోర్, పప్పీ వంటి చిన్న డిస్ట్రిబ్యూషన్లలో భారతీయ భాషల ఫాంట్లు లేక తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించవచ్చు. లోహిత్ తెలుగు వంటి ఫాంట్ ఒకటి చేరిస్తే సరిపోతుంది, దాని భారం లెక్కలోకి రానంత తక్కువ. సీడ్యాక్ 2007లో విడుదల చేసిన, డెబియన్ ఆధారిత బాస్ లినక్స్‌లోనూ, స్వేచ్ఛ సంస్థ రూపొందించిన తెలుగు డిస్ట్రిబ్యూషన్‌లోనూ తెలుగు సదుపాయం ముందే ఉంటుంది. మెమరీ తక్కువైనప్పుడు వాటిని కూడా తేలికపాటి డెస్క్‌టాప్‌తో నడపడం మంచిది.

పరిమితులు

64 బిట్ సిస్టమ్‌లో ప్రతి పాయింటర్ 8 బైట్లు, 32 బిట్ సిస్టమ్‌లో 4 బైట్లు. అందుకే 1 గిగాబైట్ యంత్రాల్లో 32 బిట్ సిస్టమ్ మెమరీని మిగిల్చేది. ఈ దారి ఇప్పుడు మూసుకుపోతోంది. ఉబుంటు 32 బిట్ డెస్క్‌టాప్ సీడీలను 17.10 నుంచి ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇంటెల్ యంత్రాలకు ఇన్‌స్టాలరూ కెర్నెలూ లేవు. ఆ యంత్రాల వారికి మిగిలింది పాత విడుదలలు, లేదా టైనీ కోర్ వంటి ప్రత్యేక డిస్ట్రిబ్యూషన్లు.

ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కొంత ర్యామ్‌ను తనకోసం కేటాయించుకుంటుంది. బయోస్‌లో వీలుంటే దాన్ని తగ్గించవచ్చు. ర్యామ్ చిప్‌లను బోర్డుపైనే అతికించిన ల్యాప్‌టాప్‌లలో మెమరీ పెంచే అవకాశం లేదు. ఆ అవకాశం ఉన్న పాత డెస్క్‌టాప్‌లలో రెండో స్లాట్‌లో సరిపడే ర్యామ్ ముక్క ఒకటి చేరిస్తే, ఇక్కడ చెప్పిన అమరికల్లో చాలావాటి అవసరమే ఉండదు.